గాజుపోగు కొసల దగ్గర



కాంతితో సమాచారం పంపే విద్య మీద సదస్సు హత్నూరలో ఎందుకని కొందరు అడిగారట. ఇక్కడ కాక ఇంకెక్కడ? అటు కందిలో ఐఐటీ, ఇటు బోర్పట్ల, గుండ్ల మాచునూరులో మందుల ఫ్యాక్టరీలు, మధ్యలో పంచాయతీ ఆఫీసులు, బడులు, మీసేవ కేంద్రాలు. వీటన్నిటినీ కలిపే గాజుపోగుల వల ఆగితే నష్టపోయేవాళ్లంతా ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

1966లో శాస్త్రవేత్త చార్లెస్ కావ్ ఒక లెక్క చెప్పాడు. గాజుపోగులో కిలోమీటరు దూరం పోయాక నూటికి ఒక్క వంతు వెలుగు మిగిలినా చాలు, దాంతో టెలిఫోను నడపొచ్చన్నాడు. అప్పటి గాజుకు అదీ చేతకాలేదు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్జ్ ఆ గీత దాటారు. నేటి పోగులో 50 కిలోమీటర్లు పోయాక కూడా పదో వంతు వెలుగు మిగులుతుంది. అదే పోగులోకి కంటికి కనబడని 80 రకాల తరంగదైర్ఘ్యాలను ఒకేసారి పంపి, ఒక్కోదాని మీద సెకనుకు 100 గిగాబిట్లు ఎక్కిస్తే మొత్తం 8 టెరాబిట్లు. రేపు ఇంకా కావాలంటే రోడ్డు తవ్వక్కర్లేదు. రెండు కొసల్లోని లేజర్లు, రిసీవర్లు మారిస్తే సరిపోతుంది. అందుకే నా మాట ఒక్కటే: మన లోటు భూమిలో ఉన్న గాజులో లేదు, కొసల్లోనూ అతుకుల్లోనూ ఉంది.

మన తెలంగాణలో మిషన్ భగీరథ తాగునీటి పైపులతో పాటే టీ-ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్‌కు దారి వేశారు. ఒక్క కందకంలో నీళ్లూ వెలుగూ పోవాలన్నది మంచి ఆలోచన. కానీ పైపు పగిలి జేసీబీ వచ్చిందంటే కేబుల్‌కూ గండమే. పల్లెలకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ మొదటి దశలో మండలం నుంచి పల్లెలకు కేబుల్ ఒకే గీతలా పోయింది. నడుమ తెగితే ఆ పైన ఉన్న ఊళ్లన్నీ చీకట్లో పడతాయి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన పథకంలో రింగు పద్ధతి పెట్టారు. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. ఇది ముందే చేయాల్సిన పని.

తెగిన చోట అతికే మనిషిని చూశారా? పోగు మీది పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో అడ్డంగా, తిన్నగా కోసి, స్ప్లైసింగ్ మెషిన్‌లో రెండు కొసలూ ఎదురెదురుగా పెడతాడు. వెలుగు నడిచే నడిమి భాగం మందం 9 మైక్రాన్లే. రోడ్డు పక్క దుమ్ము ఒక్క రేణువు పడినా మళ్లీ మొదటికే. లారీలు పోతుంటే చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చేసే ఈ పనికి ఇంజనీరు పనికున్నంత గౌరవం ఇవ్వాలి. ఐటీఐల్లో దీన్ని చక్కగా నేర్పాలి, పాఠం తెలుగులో ఉండాలి. అది రాయడం ఈ సదస్సు పండితుల బాధ్యత.

మధ్యాహ్నం చర్చలో మండలం పటం ముందు పెడుతున్నాం. ఏయే ఊళ్ల మధ్య కేబుల్ కలిపితే గీత రింగు అవుతుందో పెన్సిల్‌తో గుర్తించండి. సాయంత్రం తీర్మానంతో పాటే ఆ పటాన్నీ కలెక్టర్ గారికి పంపుదాం.