రాష్ట్రపతి ప్రసంగవేళ సభామర్యాద



వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 మొదలు 1936 వఱకు వైస్‌ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిని విశాఖపట్టణమువారు మఱచియుండరు. ఆయన పిమ్మట 1952 నుండి పదియేండ్లు రాజ్యసభకు అధ్యక్షత వహించిరి. సభ నదుపులో నుంచుట యెట్లో బాగుగా నెఱిగినవారు. అట్టివారు రాష్ట్రపతియై, 1963 ఫిబ్రవరి 18వ తేదీన పార్లమెంటు ఉభయసభల సభ్యుల యెదుట ఆంగ్లమున ప్రసంగము చదువుచుండగా, కొందఱు లేచి హిందీలో చదువవలెనని అడ్డుపడి, వెలుపలికి నడచిరి. పదియేండ్లు సభను నడపిన ఆ పెద్దమనిషికి అప్పుడు ‘కూర్చుండుడు’ అని యాజ్ఞాపించు పదవి లేదు.

ఇందలి చిక్కు ఇదియే. రాజ్యాంగము 87వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ఉభయసభలవారిని ఒక్కచోట చేర్చి ప్రసంగింపవలెను. మొదట ప్రతి సమావేశారంభమునను ఈ విధి యుండెడిది. 1951 నాటి మొదటి సవరణముతో, ఏటి మొదటి సమావేశమునకును, సార్వత్రిక యెన్నికల పిమ్మటి మొదటి సమావేశమునకును పరిమితమైనది. ఆ ఘడియలో కూర్చున్నది లోకసభయు గాదు, రాజ్యసభయు గాదు. స్పీకరు అచ్చట నుండియు తన సభలోవలె అధ్యక్షత వహింపరు. ప్రసంగము ముగిసిన అరగంటకు ఏ సభ కా సభ కూడి ప్రసంగప్రతిని స్వీకరించును. కావుననే 1963లో స్పీకరు హుకుంసింగుగారు విచారణకై సంఘమును నియమింపవలసివచ్చెను. ఆ ప్రవర్తనము సభ్యులకు తగనిదని సంఘము తేల్చెను, లోకసభ మందలించెను. అప్పటికి కొన్ని వారములు గడచిపోయినవి.

చదువబడు మాటలు చదువువారివి గావు. మంత్రివర్గము వ్రాసి యిచ్చినవి. ఆయన యొక పంక్తి కొట్టివేయజాలరు, ప్రశ్నకు బదులు చెప్పజాలరు. బదులు చెప్పరానివారిని నిలదీయుట న్యాయము గాదని నా తలంపు.

‘మఱి మా గోడు ఎవరితో చెప్పుకొందుము?’ అని విశాఖవాసి యడుగవచ్చును. అడుగుటకు హక్కున్న పట్టణమిది. ఉక్కు కర్మాగారము కోరి 1966లో వీథుల కెక్కి, నవంబరు 1వ తేదీన పోలీసు కాల్పులలో తన బిడ్డలను పోగొట్టుకొన్నది. 1970 ఏప్రిల్ 17న గాని ఇందిరాగాంధీగారు లోకసభలో ఆ కర్మాగారమును ప్రకటింపలేదు. మరల 2021 జనవరి 27న, అందలి ప్రభుత్వవాటా నంతను విక్రయించుటకు కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక సంఘము సమ్మతించెను. రెండు దినములకే రాష్ట్రపతి ప్రసంగము వచ్చెను. ఆనాడు మన సభ్యుడెవడైన లేచి కేకవేసియుండిన ఈ యూర పెక్కిండ్ల చప్పట్లు మ్రోగియుండును. నా యింటను మ్రోగియుండునేమో! కాని మఱునాటి పత్రికలలో ఆ కేకయే నిలిచి, కర్మాగారపు మాట వెనుకకు పోయియుండును.

చెప్పుకొనుటకు వేఱు చోటు కలదు. ప్రసంగమునకు కృతజ్ఞత తెలుపు తీర్మానముపై సభలలో చర్చ జరుగును. ‘ఫలాని సంగతి ప్రసంగమున లేనందుకు విచారించుచున్నాము’ అని సభ్యుడు సవరణము నీయవచ్చును. అది నెగ్గినచో ప్రభుత్వమునకు పరాభవమే. 2015 మార్చి 3న రాజ్యసభలో మన తెలుగువారగు సీతారాం ఏచూరిగారు, ఉన్నత స్థానములలోని అవినీతిని అణచుటయందును నల్లధనమును తెచ్చుటయందును ప్రభుత్వము విఫలమైన సంగతి ప్రసంగమున లేదని సవరణము తెచ్చిరి. 118 మంది అనుకూలముగను, 57 మంది ప్రతికూలముగను వోటు చేసిరి, సవరణము నెగ్గెను. అంతకుముందు 1980, 1989, 2001 సంవత్సరములలోను ఆ సభలో ఇట్లు జరిగియున్నది.

లోకసభలో ఇది దుర్లభము. అచ్చట ఆధిక్యము ప్రభుత్వపక్షముదే గదా. అయినను చర్చయైనను జరుగును. 2004 జూన్‌లో సభలోని గందరగోళముచే చర్చ లేకయే లోకసభ ఆ తీర్మానమును ఆమోదించెను. చర్చకు సమయము కేటాయింపవలెనని అదే 87వ అధికరణము రెండవ ఖండమున నున్నది. ప్రసంగవేళ మౌనము కోరు ప్రభుత్వపక్షమువారును, చర్చదినమున సభను సాగనీయని ప్రతిపక్షమువారును ఆ ఖండము నొకమాఱు చదువుకొందురుగాక.