దారిలో బండి ఆగినప్పుడు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మగ్గం నిలిపి రావడమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర లేదు. ఒక పూట మగ్గం ఆగితే ఆ పూట కూలి పోయినట్టే. ఈ లెక్క కాస్త గుర్తు పెట్టుకోండి, ముందు మళ్ళీ అవసరం పడుతుంది.

మన చిక్కబళ్ళాపురం జిల్లా నేతవాళ్ళ బతుకు సగం రోడ్డు మీదే. పట్టు కావాలంటే శిడ్లఘట్ట, చీరల పనంటే ధర్మవరం, బేరం కుదరాలంటే బెంగళూరు, సంబంధాలు కలుపుకోవాలంటే హిందూపురం. మన తాతల కాలంలో చీరల మూట నెత్తిన పెట్టుకుని సంతలకు నడిచి పోయేవాళ్ళు. పొద్దు గూకితే ఏ ఊరి అరుగు మీదో మూట తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళు. ఆ అరుగు ఇచ్చినవాళ్ళు మనకు చుట్టాలు కారు. చెంబుడు నీళ్ళు, ఒక ముద్ద సంగటి ఇచ్చి, తెల్లారి పంపించేవాళ్ళు. ఇప్పుడు అరుగులు పోయినాయి, ఇళ్ళకు గేట్లు వచ్చినాయి. మనుషులు కూడా మారిపోయినారని మనమంతా అనుకుంటూ ఉంటాం.

పోయిన మాఘమాసంలో మా ఇంటి పెళ్ళికి ధర్మవరంలో చీరలు తీసుకుని చింతామణికి తిరిగి వస్తున్నాం. కారులో ఆరుగురం. అందులో షుగరున్న పెద్దాయన ఒకరు, చిన్నబిడ్డ ఒకటి. హైవే దాకా బాగానే వచ్చినాం. బాగేపల్లిలో చేలూరు రోడ్డుకు తిరిగిన కొంతసేపటికి బానెట్ లోంచి ఆవిరి లేచి బండి నిలిచిపోయింది. బెల్టు తెగింది. రాత్రి పది దాటింది. చుట్టూ చీకటి, ఫోనుకు సిగ్నల్ లేదు. రెండు బండ్లు ఆగకుండా పోయినాయి. వాళ్ళను తప్పు పట్టలేం. రాత్రిపూట చెయ్యెత్తితే ఆగడానికి ఎవరికైనా భయమే.

మూడోది టమాటా బాక్సుల పికప్పు, చింతామణి మార్కెట్టుకు పోయేది. కాస్త ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. డ్రైవరు దిగి, "యాడికి పోవల్లన్నా? ఆడవాళ్ళు, బిడ్డ ఉన్నారు, ఈ చీకట్లో ఎంతసేపని నిలబడతారు?" అన్నాడు. ఆయన దగ్గరే తాడు ఉంది. లోడు బండికి మా కారు కట్టి, మెల్లగా ముందరి ఊరి దాకా లాగినాడు. అక్కడ తలుపు తట్టి మెకానిక్కును లేపినాడు. ఆ సైజు బెల్టు అంగడిలో లేదు. షెడ్డులో పడి ఉన్న పాత బండిది ఊడదీసి వేసినాడు ఆ అబ్బాయి. పక్కింటి అక్క లేచి వచ్చి, పెద్దాయన తినలేదని తెలిసి, ఉన్న సంగటి, పప్పు పెట్టింది. బిడ్డకు పాలు కాచి ఇచ్చింది.

టమాటా పొద్దున వేలానికి అందకపోతే ధర ఏమవుతుందో మన పక్కన రైతు కుటుంబాలను అడగండి. ఆ డ్రైవరు మా కోసం గంటన్నర పోగొట్టుకున్నాడు. ముందు చెప్పిన మగ్గం లెక్కే ఇది. డబ్బు ఇవ్వబోతే ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "నేను తీసుకుంటే, రేపు నా బండి ఆగినప్పుడు ఎవర్ని అడిగేది?" అన్నాడు. మెకానిక్కు బెల్టు డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

మన సంఘం సభలో చెప్పడానికి కాస్త ఇబ్బందైన మాట ఒకటుంది. మనం కొత్తవాళ్ళు కనబడితే మొదట అడిగేది ఇంటిపేరు, గోత్రం. ఆ రాత్రి మమ్మల్ని ఎవరూ మీరెవరని అడగలేదు. ఒకరు కన్నడలో మాట్లాడినారు, ఒకరు తెలుగులో, ఇంకొకరు ఉర్దూలో.

ఆగిన బండి చిన్న విషయం కాదు. 2023 అక్టోబరు 26న చిక్కబళ్ళాపురం పక్కన, 44వ నంబరు జాతీయ రహదారి మీద, తెల్లవారి పొగమంచులో బాగేపల్లి వైపు నుంచి వస్తున్న సుమో, ఆగి ఉన్న ట్యాంకర్‌ను గుద్దింది. 13 మంది పోయినారు. అందుకే బండి ఆగితే వీలైనంత రోడ్డు దింపండి, నాలుగు ఇండికేటర్లు వేయండి, ఎర్ర త్రికోణం బాగా వెనక పెట్టండి. మనుషులు బండిలో కూర్చోకుండా రోడ్డుకు దూరంగా నిలబడండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి. చేలూరు దారిలాంటి చోట 112 ఉంది.

ఇక ఆగడానికి భయపడేవాళ్ళకు ఒక మాట. ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్ళను ఆస్పత్రికి చేర్చితే పోలీసులు, కోర్టులు అంటూ తిప్పుతారని మనవాళ్ళ అనుమానం. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఇలా సాయం చేసేవాళ్ళ రక్షణకు నియమాలను ఖరారు చేసింది. మన కర్ణాటక కూడా ప్రత్యేక చట్టం తెచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. కేంద్రం 2021లో 5,000 రూపాయల బహుమానం పెట్టింది, తర్వాత దాన్ని 25,000కు పెంచింది. బండి చెడిపోతే ఆగిన టమాటా డ్రైవరుకు ఇవేవీ వర్తించవు. ఆయనకు వీటి అవసరమూ పడలేదు, అది వేరే సంగతి.

మా కోరిక ఒకటుంది. పేరేసంద్ర, బాగేపల్లి, చేలూరు, చింతామణి దారుల పక్కన మన కుటుంబాలు చాలా ఉన్నాయి. రాత్రి బండి ఆగినవాళ్ళకు ఒక గంట వరండా, నీళ్ళు, ఫోను ఇవ్వగలిగిన ఇళ్ళవాళ్ళు పేర్లు రాయించండి. మనవాళ్ళకు మాత్రమేనా అని నిన్న ఒక తమ్ముడు అడిగినాడు. కాదు నాయనా, ఎవరైనా సరే. రిజిస్టరు భోజనాల పందిరి దగ్గర పెట్టినాం. పక్కనే తాళ్ళు, ఎర్ర త్రికోణాలు ఉన్నాయి. చీరల బండ్లు నడిపేవాళ్ళు బండి నంబరు రాయించి, బండికి ఒక జత తీసుకుపోండి.