జాకీని నమ్మి కారు కింద దూరరాదు



1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ దారిలో కార్లు నడిపి బతికే కుటుంబాలు మనలో పెరిగాయి. నాలుగు పైసలు మిగులుతాయని కొందరు కుర్రాళ్లు గట్టి స్ప్రింగులు, కొత్త షాకబ్జర్వర్లు ఇంటి ముందే బిగించుకుంటున్నారు.

మొన్న కొండాపూర్‌లో అలాగే ముందు చక్రం విప్పగా, మెత్తని మట్టిలో జాకీ ఒరిగి కారు కూలబడింది. అల్లా దయవల్ల కింద ఎవరూ లేరు. మేము నలుగురం చేరి మొదట వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాము. చెక్కపలక మీద రెండో జాకీ నిలిపి మెల్లగా లేపాము. స్టాండు పెట్టాకే చెయ్యి లోపలికి పోనిచ్చాము. చూస్తే బ్రేకు రబ్బరు గొట్టం నలిగి ఉంది. దాన్ని మార్పించి, గాలి తీయించాకే బండి కదిలింది.

స్ప్రింగు సంగతి ఇంకా ప్రమాదం. క్లాంపుతో అదమకుండా పైనట్టు విప్పితే అది ఎగిరి ముఖాన్నే కొడుతుంది. ఆ పని మిస్త్రీకే వదలాలి.

మన సంఘం రెండు స్టాండ్లు కొని ఉంచితే, అడిగినవారికి ఇవ్వవచ్చు. వాటి ఖరీదు ఒక ప్రాణం కంటే ఎక్కువా? ఆలోచించండి.