పైరు పిలుపు



పురుగు ఆకును కొరుకునప్పుడు మొక్క ఊరక నిలిచియుండునని మనము తలంతుము. అది నిజము కాదు. మొక్కకు మాట లేదు గాని వాసన కలదు. ఆ వాసనయే దాని పిలుపు.

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన టర్లింగ్స్, టమ్లిన్‌సన్, లూయిస్ అను శాస్త్రజ్ఞులు మొక్కజొన్న మొలకలపై లద్దెపురుగులను విడిచి పరిశీలించి, 1990లో ఫలితములను ప్రకటించిరి. కొన్ని గంటలకు ఆ మొలకలు ఒక విధమైన ఆవిరులను వెలువరించినవి. ఆ వాసన పట్టి ఒక చిన్న కందిరీగ అచటికి చేరును. అది పురుగు దేహములో గ్రుడ్డు పెట్టును. దానినుండి వెడలిన పిల్ల పురుగును లోపలినుండి తినివేయును. ఆకును ఊరక గీసినప్పుడు మొక్క అంతగా వాసన వెలువరింపలేదు. గాటుపై పురుగు లాలాజలము పూసినప్పుడు మిక్కిలిగా వెలువరించెను. అనగా గీతకును కాటుకును గల భేదమును మొక్క ఎరుగును.

ఈ జ్ఞానము పొలములో పనికివచ్చునా? వచ్చును. కెన్యా దేశమున మొక్కజొన్న సాళ్ల నడుమ మొలాసిస్ అను గడ్డిని పెంచి చూచిరి. పురుగు పట్టిన పైరు వెలువరించు ఆవిరులలో కొన్నింటిని ఆ గడ్డి సహజముగనే వెలువరించును. అందుచే కాండము తొలుచు పురుగు యొక్క తల్లి రెక్కలపురుగు దూరముగా తొలగెను. కందిరీగ దగ్గరకు వచ్చెను. ఈ సంగతి 1997లో ప్రకటితమైనది.

ఇక మన సంగతి. 2018లో కత్తెర పురుగు కర్ణాటకలో కనబడి, ఆ యేడే తెలుగు రాష్ట్రముల మొక్కజొన్నకును ప్రాకెను. పురుగు కనబడగనే కంగారుపడి ఘాటైన మందు చల్లినచో, మొవ్వులో దాగిన పురుగు తప్పించుకొనవచ్చును. బయట తిరుగు కందిరీగ చచ్చును. పైరు పిలిచిన బంటును మనమే వాకిట చంపినట్లగును.

కందిరీగకు పొలము గట్లు లేవు. ఒక్క రైతు జాగ్రత్తపడిన చాలదు. కనుక ఇది పంచాయతీ పని. గ్రామసభలో మూడు సంగతులు నిర్ణయింపుడు: లింగాకర్షక బుట్టలను ఊరంతట ఒక్కసారి అమర్చుట, మొవ్వులను, గ్రుడ్లను తరచుగా పరీక్షించుట, నష్టము హద్దు దాటినదని వ్యవసాయాధికారి చెప్పినప్పుడే తగిన మందును తగిన మోతాదులో వాడుట.

మందు వలదని నేననుట లేదు. పైరు పిలుపునకు వచ్చువారికి ముందుగా త్రోవ విడువుడని మాత్రమే నా మనవి.