సున్నపు గోడ – చల్లని నీడ

(కొండాపూర్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో, భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద ఇళ్ల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. ఆలోచిస్తే ఇది మనకు దూరమైన విషయమేమీ కాదు. మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్మంతా ఒక్క ఇంటి మీదే పెట్టాం. పిల్లలు పొద్దున్నే ఆఫీసులకు వెళ్లిపోతారు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మనమే. మే నెలలో స్లాబు కింద మధ్యాహ్నం గడపవలసిందీ, అర్ధరాత్రి దాటినా చల్లబడని గోడల మధ్య నిద్ర పట్టక దొర్లవలసిందీ మనమే. పెద్ద వయసులో వేడి ప్రాణం మీదికి తెస్తుంది. కరెంటు బిల్లు సంగతి సరేసరి.

మనం కూర్చున్న ఈ ప్రాంతాన్నే చూడండి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించినవి బండరాళ్లూ, చెరువులూ, మెట్ట భూములూ. నేడు ఎటు చూసినా అద్దాల మేడలే. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని మాత్రం అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. చలి దేశాలకు అది వరం. మన పడమటి ఎండకు అదే అద్దం గోడగా పెడితే లోపలి వేడిని రోజంతా ఏసీలు తోడిపోయాలి. ఆ తోడిన వేడి వచ్చి పడేది మన వీధిలోనే.

అయితే ఇదే ప్రాంతంలో వేరే పాఠం చెప్పే చోట్లు మూడున్నాయి. మనవళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చూడదగినవి.

మొదటిది శిల్పారామం. 1992లో మాదాపూర్‌లో ఏర్పడింది. అక్కడి పల్లె ప్రదర్శనశాలలో మట్టి గోడల ఇళ్లు, పూరి కప్పులు, వృత్తిపనివారి బొమ్మలు ఉన్నాయి. పిల్లలు ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు గానీ, మనం ఆగి గోడ మందం చూడాలి. మందపాటి మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. కోస్తాలో మండువా లోగిలి, రాయలసీమలో మట్టి మిద్దె, ఉత్తరాంధ్ర తీరంలో గాలివానకు నిలిచే చుట్టిల్లు, తెలంగాణలో నడిమి వాకిలి ఉన్న భవంతి, ఏ ఊరి ఎండావానలకు తగ్గట్టు ఆ ఊరివాళ్లు కట్టుకున్నవే. మన సభ్యుల్లో కొందరు పిల్లలతో బ్యాంకాక్ వెళ్లి వచ్చారు. అక్కడి పాత చెక్క ఇళ్లూ అంతే. వరద నీరు కిందనుంచి పోయేలా స్తంభాల మీద నిలుస్తాయి. వాన జారిపోయేలా కప్పు బాగా ఏటవాలుగా ఉంటుంది. చెక్క పలకలను చీలలతో బిగిస్తారు గనుక విప్పి మరోచోట నిలబెట్టుకోవచ్చు. దేశం వేరైనా బుద్ధి ఒకటే.

రెండవది కొత్తగూడ దగ్గరి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. కరణ్ గ్రోవర్ గారు రూపకల్పన చేశారు. హరిత భవనాలకు అమెరికా వారిచ్చే ప్లాటినం గుర్తింపును ఆ దేశం వెలుపల మొట్టమొదట పొందిన భవనం ఇదే. అంతటి ఆధునిక భవనంలో ఉన్నవేమిటనుకున్నారు? నడుమ వాకిలి, పాత మహళ్లలో వలె జాలీ గోడలు, గాలిని చల్లబరచి లోపలికి పంపే గాలి బురుజులు, కప్పు మీద పచ్చిక. వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతోనే శుభ్రం చేసుకుంటుంది. మన తాతలకు తెలిసిన వాకిలి, జాలీ ఇక్కడ కొత్త లెక్కలతో మళ్లీ వచ్చాయి.

మూడవది గోల్కొండ పక్కనున్న కుతుబ్ షాహీ సమాధులు. హైటెక్ సిటీ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలసి 2013 నుంచి 2024 వరకు అక్కడ పెద్ద ఎత్తున పునరుద్ధరణ జరిపాయి. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరిట పూసిన సిమెంటును తొలగించి, తిరిగి సున్నమే వాడారు. వానలకు కూలిన బడీ బావిని రాతితో మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం దక్కింది. ఆ పని చేసినవారు రాతి పనివాళ్లూ, సున్నం పనివాళ్లూ.

సిమెంటు తీసి సున్నం ఎందుకు పూశారన్న ప్రశ్న మీకు రావాలి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నమవుతుంది. సిమెంటుకు 1450 డిగ్రీలదాకా కావాలి. నీళ్లు పోసి చల్లార్చిన సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రాతి చక్రం కింద నూరేవారు. అదే డంగు సున్నం. అందులో బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయం, మినప్పిండి, మారేడు గుజ్జు ఊరిని బట్టి కలిపేవారు. గోడకు చేరిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, కొన్నాళ్లకు పెచ్చులూడి పడుతుంది. మన పాతబస్తీ ఇళ్లలో, ఊళ్లలోని తాతల ఇళ్లలో ఇది నిత్యం చూస్తున్నదే. పైగా ప్రపంచం మొత్తం వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది.

అలాగని రేపటినుంచి అందరూ మట్టి ఇళ్లు కట్టుకోమని నేను చెప్పడం లేదు. మట్టి గోడకు చెదలు పడతాయి, ఏటా అలుకు కావాలి. పూరి కప్పుకు నిప్పు భయం. సున్నం పని నిదానం, తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం. పది అంతస్తులకు సిమెంటు, ఇనుము తప్పవు. కాని మన చేతిలో ఉన్నంతలో చేయగలిగినవి ఉన్నాయి.

మొదట డాబా సంగతి చూడండి. ఇంటికి ఎక్కువ ఎండ తగిలేది అక్కడే. హైదరాబాదులోని రెండు ఆఫీసు భవనాలపై జరిగిన పరిశోధన 2012లో వెలువడింది. ఉత్త కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే చల్లబరచడానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గిందని అందులో తేలింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ప్రకారం 600 చదరపు గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలాంటి కప్పు తప్పనిసరి. అంతకు తక్కువ స్థలాల్లో ఇష్టాన్ని బట్టి వేయించుకోవచ్చు. ఎండాకాలం రాకముందే డాబా కడిగించి తెల్ల పూత వేయించండి. పూత మాసిపోతే గుణం తగ్గుతుంది గనుక ఏటా ఒకసారి చూసుకోవాలి.

రెండవది, పడమటి కిటికీలకు చజ్జా గాని, జాలీ గాని, కనీసం వెదురు తడిక గాని పెట్టించండి. ఎండను అద్దం దాటకముందే ఆపాలి. లోపల తెర వేస్తే అప్పటికే వేడి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. మూడవది, నేలకు మన తాండూరు బండలు వేయించుకోండి. దగ్గరలో దొరికే రాయి, కాలికి చల్లన, తరాలు నిలుస్తుంది. నాలుగవది, పాత ఇల్లు బాగుచేయించేటప్పుడు ఆ గోడ సున్నానిదా, సిమెంటుదా అని మేస్త్రీని ముందే అడగండి. సున్నపు గోడకు సున్నమే పూయించండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. పాత ఇంటిని బిల్డరుకు ఇచ్చేద్దామని పిల్లలు అడుగుతారు. అది వారి అవసరం, తప్పు పట్టను. అయినా సంతకం చేసే ముందు కొత్త ఇంట్లో పడమర గోడ ఎలా ఉంటుంది, గాలి ఎటునుంచి వస్తుంది, కరెంటు పోతే లోపల ఉండగలమా అని ప్లాను ముందుపెట్టి అడగండి. తలుపులు, దూలాలు టేకువైతే పారేయనివ్వకండి.

ఈ విద్య పుస్తకాల్లో కొంతే ఉంది, మిగతాది పనివారి చేతుల్లో ఉంది. సున్నం ఎంత నూరితే చాలునో వేళ్ల మధ్య నలిపి చెప్పగల మేస్త్రీలు కూడా మనలాగే పెద్దవాళ్లయిపోయారు. వారికి పింఛను లేదు. పని ఉంటేనే కొడుకు ఆ పని నేర్చుకుంటాడు. మనం ఒక్క గోడ పని ఇచ్చినా ఆ విద్య మరో తరానికి అందుతుంది. మీ వీధిలోగాని, మీ ఊరిలోగాని అటువంటి మేస్త్రీ ఉంటే కార్యదర్శి గారికి తెలియజేయండి. అవసరమైన సభ్యులకు చెప్పుకోవచ్చు.