గడ్డివామి - ఇంటివారి కూడిక



ధాన్యము గాదె చేరిననాడు రైతు సంతసించును. గడ్డి వామి కెక్కిననాడు పశువు బ్రదుకును. మన పెద్దలు ఈ రెండు పనులను సమానముగనే చూచిరి. నేడు ధాన్యమునందున్న శ్రద్ధ గడ్డియందు సన్నగిల్లుచున్నది. దీనివలని నష్టమును మీకు మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

కృష్ణా గోదావరీ మండలములందు పూర్వము వరి పనలను కుప్పవేసి, పిమ్మట కళ్లమున నూర్చి, గింజ రాలిన గడ్డిని దొడ్డియందు వామి వేయుచుండిరి. అది ఒక్కని చేత నగు పని కాదు. ఒకరు మోపు కట్టవలయును, ఒకరు మోయవలయును, ఒకరు క్రిందినుండి అందీయవలయును. స్త్రీలు చెదరిన పరకలను పోగుచేయుచుండిరి. బాలురు మోపుల లెక్క చెప్పుచుండిరి. ఇంటి పెద్ద వామిపై నిలిచి గడ్డి పఱచి త్రొక్కుచుండెను. వేఱుపడిన అన్నదమ్ములు సైతము ఆనాడు ఒక్క దొడ్డిలో నిలిచి పనిచేసి, ఒక్క పంక్తిని భుజించుచుండిరి.

వామి వేయుట యొక విద్య. నేల తేమ తగులకుండ అడుగున రాళ్లో మొద్దులో పఱవవలయును. నడిమి భాగమును ఎల్లప్పుడు ఎత్తుగా నుంచి గట్టిగా త్రొక్కవలయును. నడుము మెత్తనయైనచో వామి క్రుంగి, ఆ గుంటలో వాననీరు నిలిచి లోపలికి దిగును. పైభాగము ఇంటికప్పువలె వాలుగా నుండవలయును. పిమ్మట గడ్డి తీయువారు ఒక ప్రక్కనుండియే దూయవలయును గాని చుట్టును పెఱుకరాదు.

నేడు కోతయంత్రము కొన్ని గంటలలో చేను కోసి, గింజను వేఱు చేసి, గడ్డిని మడిలో వరుసగా విడుచుచున్నది. మఱియొక యంత్రము ఆ గడ్డిని కట్టలుగా చుట్టుచున్నది. ఈ యంత్రములను నేను నిందింపను. మోపులు మోసి మెడలు వంగినవారెవ్వరును వానిని నిందింపరు. కాని యంత్రము కట్ట కట్టునే గాని గడ్డి ఆఱినదో లేదో చూడదు. కోతనాటికి వరికాడలో పచ్చి మిగిలియుండును. దానికి రాత్రి మంచును తోడగును. అట్టి గడ్డిని చుట్టి పేర్చినచో బూజు పట్టును; లోపల వేడి పుట్టి, ఒక్కొక్కప్పుడు తనంతట తానే అంటుకొనును. కావున రెండు మూడు ఎండలు కాయనిచ్చి, మంచు ఆఱిన పిదప, పిడికెడు గడ్డి తీసి మెలిపెట్టి చూడుడు. కాడలు పెళుసుగా విఱిగినచో కట్టింపుడు. మెత్తగా వంగినచో ఆగుడు. ఈ పరీక్షను మీ మనుమల చేతనే చేయింపుడు.

ఇక కొందఱు తరువాతి పైరునకు తొందరపడి మడిలోనే గడ్డికి నిప్పు పెట్టుచున్నారు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 కిలోల నత్రజని కలదు. అది ఇంచుమించు అంతయు పొగతో పోవును. నేలనున్న మేలుచేయు సూక్ష్మజీవులును మాడిపోవును. మఱియొక లెక్క చూడుడు. దినమునకు 6 కిలోల గడ్డి మేయు పశువునకు ఏడాదికి 2,190 కిలోలు కావలయును. వరియందు గింజ యెంత తూగునో గడ్డియు నించుమించు అంతయే తూగును. కావున రెండు టన్నుల ధాన్యము పండిన ఎకరమునందు నిప్పు పెట్టినవాడు ఒక పశువు యొక్క ఏడాది మేతను తగులబెట్టినవాడే యగును. మీకు పశువులు లేకపోవచ్చును. భూమి లేక యొక్క గేదెపై జీవించు పొరుగువాడు ప్రతి గ్రామమునను కలడు. అగ్గిపుల్ల గీయుటకు ముందు అతనికి కబురంపుడు.

పెద్దలారా, యంత్రము వచ్చు దినమును ముందుగా నిశ్చయించుకొని, పట్టణములనున్న బిడ్డలకు తెలుపుడు. గడ్డిని పరీక్షించుటకు, కట్టలను చేరవేయుటకు, ఎత్తుగా పేర్చి కప్పుటకు నేటికిని పదిచేతులు కావలయును. యంత్రము మన వెన్నునొప్పిని తీసికొనిపోయినది, మంచిదే. దానితోపాటు ఇంటివారు కలిసి పనిచేయు ఆ యొక్క దినమును గూడ పోనీయకుడు. వామి వేయు విద్య పుస్తకములవలన గాక, వామిపై నిలిచిన పెద్దవాని కేకవలననే పిల్లలకు అబ్బును. ఆ కేక వేయవలసినవారు మీరే.