చామగడ్డకు చుట్టము

కుండీలలో పెంచు ఆకుమొక్కలలో అలొకేసియా అమెజోనికా అనునది చూపరుల నిట్టే ఆకర్షించును. మానేటి ఒడ్డున, సిరిసిల్లకు ఆవలి గట్టుననున్న తంగళ్ళపల్లి వంటి ఊరి యిండ్లలో అది బ్రదుకునా యను ప్రశ్నకు సమాధానముగా ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

పేరునుబట్టి అది అమెజాను అడవులనుండి వచ్చినదని భ్రమపడరాదు. 1950 దశకమున అమెరికాలోని మయామీలో సాల్వడోర్ మౌరో అను నాయన రెండు ఆసియా జాతులను సంకరము చేసి దీనిని పుట్టించెను. ఆయన నర్సరీ పేరు అమెజాన్. ఆ పేరే మొక్కకు అంటుకొన్నది. తల్లిదండ్రులలో ఒకటి ఫిలిప్పీను దీవులది.

ఆకు బాణపుమొన వంటిది. ముదురాకుపచ్చ నేలపై వెండి జరీ వేసినట్లు ఈనెలు. అయినను ఇది మనకు పరాయిది కాదు, చామగడ్డ, కందగడ్డల కుటుంబమునకు చెందినదే. చింతపండు చాలని చామకూర గొంతు దురద పెట్టుట మన యిల్లాండ్రకు తెలియనిది కాదు. ఆ దురదకు మూలము సూదులవంటి కాల్షియం ఆగ్జలేటు స్ఫటికములు. అవి ఈ మొక్క ఆకునను, కాడనను, దుంపనను కలవు. దీనిని వండియు తినరాదు. దోగాడు బిడ్డలున్న యింట, మేకలు వచ్చిపోవు వాకిట ఈ కుండీని నేలమీద నుంచుటకు మేమొప్పుకొనము. బిడ్డ కొరికినచో నోరు మండి వాచును. నోటిని తుడిచి, నీటితో కడిగి, ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఇది తేమగల అడవినీడలో పెరుగు జాతి. మన వేసవి పొడిగాలి దీనికి పడదు. పొడిగాలికి పోగు తెగునని మగ్గపువారికి మేము చెప్పనక్కరలేదు. గుంటమగ్గమున నేలచెమ్మ దారమును కాచునట్లు దీనికిని చెమ్మ కావలెను. పళ్ళెమున గులకరాళ్ళు పరచి నీరు పోసి, కుండీ అడుగు నీటికి తగులకుండ వానిపై నుంచుడు. వెలుతురు కావలెను, ఎండ నేరుగా పడరాదు. మన్ను పైపొర ఆరిన పిదపనే నీరు పోయుడు. ప్రేమతో ఎక్కువ నీరు పోసి దుంపను కుళ్ళజేయువారే పెక్కురు. ఒకటి రెండు కుండీలు ఇంటి గాలినంతయు శుభ్రపరచునను మాటను మాత్రము మేము నమ్మము.

చలికాలమున ఆకులు రాలినంతనే పారవేయకుడు. మన్ను కదిపి దుంపను నొక్కి చూడుడు. గట్టిగా నున్నచో ప్రాణమున్నట్లే. నీరు తగ్గించి వెచ్చని చోట నుంచినచో చలి తగ్గిన పిదప క్రొత్త మొలక రావచ్చును. ప్రక్కన పుట్టిన పిల్లదుంపలను పొరుగింటివారికి ఈయవచ్చును. ఇచ్చునప్పుడు దురద సంగతియు చెప్పి ఇయ్యుడు.